నవంబరు ఎనిమిది, శనివారం

లేడీస్ హాస్టల్, రూము 47
23-11-1986

గఫార్ మామూకి అబిదా సలాం.

ఈ ఉత్తరం కోర్టు చిరునామాకి వేస్తున్నాను. ఇంటికి వేరే ఒకటి రాశాను, దాన్ని మామూలుగా అమ్మీకి చదివి వినిపించండి. నా చదువు, మెస్సులో సాంబారు, ఇక్కడి చలి అన్నీ దాన్లో ఉన్నాయి. ఇది మాత్రం మీకే. చదివాక చించేయండి.

మీరు నలభై ఏళ్లుగా గురజాల కోర్టు బయట బల్ల వేసుకుని జనానికి అర్జీలు రాస్తున్నారు. అందుకే అడుగుతున్నాను. నాతోపాటు బోటనీ ఎమ్మెస్సీ చదివే ఒక స్నేహితురాలి సంగతి ఇది. మొక్కలను ఎండబెట్టి అట్టలకు అతికించి బీరువాల్లో దాచే గది ఒకటి మా డిపార్టుమెంటులో ఉంది. ఈ నెల ఎనిమిదిన, శనివారం సాయంత్రం, మాకు పాఠాలు చెప్పే రీడరు ధనుంజయరావు గారు ఆ అట్టలు సర్దాలని ఆమెను ఆగమన్నారు. మిగతావాళ్లంతా వెళ్లిపోయాక లోపల గడియ పెట్టారు. తర్వాత జరిగింది రాయడానికి నాకు చేయి రావడం లేదు. ఆమె అరిచింది, పెనుగులాడింది. ఆడపిల్లకు జరగకూడనిది జరిగింది. ఇంతకంటే నన్ను అడక్కండి.

హాస్టల్లో ఒకరిద్దరికి చెప్పుకుంటే, 'ఊరుకోవే, పరీక్ష మార్కులు ఆయన చేతిలో ఉన్నాయి' అన్నారు. ఎవరికి రాయాలి? ఎలా రాయాలి? రాస్తే ఏమవుతుంది? మీరు చెబితే ఆమెకు చెబుతాను.

అమ్మీ మోకాళ్ల నొప్పులు ఎలా ఉన్నాయి? మందు వాడుతోందా, లేక సీసా గూట్లో పెట్టి చూస్తోందా?

మీ అబిదా

---

గురజాల
27-11-1986

చి. అబిదాకు మామూ దువా.

ఇంటి ఉత్తరం మీ అమ్మకి చదివాను. నువ్వు రాసింది ఒక పేజీ, నేను చదివింది రెండు పేజీలు. గోంగూర పచ్చడి మీద మనసవుతోందని నువ్వు రాయలేదు, నేను కలిపాను. రేపటి పార్సిల్లో జాడీ వస్తుంది. మందు గూట్లోనే ఉంది.

ఇక రెండో ఉత్తరం. దాన్ని చించేశాను, చించేముందు చానాసేపు చేతిలో పట్టుకున్నాను. అర్జీ రాసేవాడి దగ్గరికి మనిషి వస్తే వాడు ముందు ఓదార్చకూడదు, ముందు అడగాలి. కాబట్టి అడుగుతున్నాను. నీ స్నేహితురాలికి ఏం కావాలి? వాడికి శిక్ష పడాలా, లేక వాడు తన జోలికి రాకుండా ఉంటే చాలా? ఈ రెండూ వేరు వేరు అర్జీలు. చూసినవాళ్లు ఎవరైనా ఉన్నారా? ఆ తర్వాత ఆ అమ్మాయి తరగతులకు పోతోందా? తల్లికి తెలుసా? పోలీసు స్టేషను మాత్రం వద్దు. ఆ మెట్లెక్కిన ఆడపిల్ల పేరు సాయంత్రానికి బస్టాండులో వినపడుతుంది.

ఆ అమ్మాయి అన్నం తింటోందా? ఇది అర్జీకి అవసరం లేదు. ఊరికే అడిగాను.

అబ్దుల్ గఫార్

---

లేడీస్ హాస్టల్
1-12-1986

మామూకి సలాం.

ఒక్కొక్కటే చెబుతాను. ఆమెకు కావాల్సింది ఏమిటని అడిగారు. ఇది జరిగింది అని ఆ పెద్దవాళ్లలో ఒకరు కాగితం మీద రాసి ఒప్పుకోవాలి. శిక్ష సంగతి వాళ్లిష్టం. 'జరగలేదు' అని మాత్రం అనకూడదు.

చూసిన మనిషి ఒకామె ఉంది, పున్నమ్మ. డిపార్టుమెంటు ఊడ్చే ఆమె, పదకొండేళ్లుగా టెంపరరీ. మన వినుకొండ వైపు మనిషే. ఆ శనివారం అప్పుడే వచ్చి వరండాలో నీళ్లు చల్లుతుంటే గడియ తీసుకుని ఆయన ముందు వెళ్లాడట, వెనక ఈ అమ్మాయి గోడ పట్టుకుని వచ్చింది. పున్నమ్మ తన పమిట చెంగుతో ఆమె మొహం తుడిచింది. 'ఎవురడిగినా చెబుతా తల్లీ, నాకేం బయం' అంది.

ఇంకొకరు వీరరాఘవమ్మ గారు. చరిత్ర చెబుతారు, మా హాస్టలుకి వార్డెను. ఇవాళ రాత్రి గదికి వచ్చి, ఎవరు చేశారో విన్నారు, ఎప్పుడు, ఏం జరిగిందో మాత్రం అడగలేదు. విన్నవాళ్లలో ఊరుకోమనకుండా ఉన్నది ఆవిడ ఒక్కతే. 'అర్జీ రాసి తీసుకురా, నేనే యూనివర్సిటీ రిజిస్ట్రారు దగ్గరికి తీసుకెళ్తాను' అన్నారు. ఆ మాటతో ఇవాళ ఆమె అన్నం తింది. మీరు ఊరికే అడిగారు కాబట్టి చెబుతున్నాను.

పదో తారీఖు నుంచి ఆమె డిపార్టుమెంటుకి పోవడం లేదు. ఇవాళ కూడా పొద్దుటి నుంచి గదిలోనే ఉంది. తల్లికి తెలియదు. తెలియకూడదు.

అబిదా

---

గురజాల
5-12-1986

చి. అబిదాకు.

అర్జీ నమూనా రాశాను. నీ స్నేహితురాలిని తన చేతిరాతతో ఎత్తి రాయమను. పేర్ల దగ్గర ఖాళీలు వదిలాను.

'మహారాజశ్రీ రిజిస్ట్రారు గారి సముఖమునకు, ఎమ్మెస్సీ బోటనీ విద్యార్థిని, కీర్తిశేషులు ............ గారి కుమార్తె ............ వినయపూర్వకముగా దాఖలు చేసుకొను అర్జీ. 1-12-1986 తేదీ సోమవారం సాయంకాలం సుమారు నాలుగు గంటల వేళ రీడరు ధనుంజయరావు గారు నన్ను మొక్కల గదిలోకి పిలిచి, నా చేయి పట్టుకొని అసభ్యముగా ప్రవర్తించినారు. నేను కేకలు వేయగా వదలివేసినారు. కావున తమరు దయతో విచారించి తగు న్యాయము చేయ ప్రార్థన.'

ఇందులో రెండు మార్పులున్నాయి, చెబుతాను విను. తేదీ ముందుకు జరిపాను. నీ ఉత్తరం మీద ఉన్న తేదీయే వేశాను, అది పనిరోజు. పెద్దవాళ్లు చదివే మొదటి ముక్క నేరం కాదు, తేదీ. నెల దాటిందంటే, ఇన్నాళ్లూ ఏం చేస్తున్నావమ్మా అంటారు, అక్కడే అర్జీ పడిపోతుంది. గట్టు తగాదాలో అయినా, దొమ్మీలో అయినా నేను నిన్న జరిగినట్టే రాస్తాను. నలభై ఏళ్లలో ఎవరూ తప్పు పట్టలేదు.

రెండోది, జరిగినదాన్ని చేయి పట్టుకోవడం దగ్గర ఆపాను. ఆ పిల్ల రేపు బతకాలి. నిజం మొత్తం రాస్తే అది ఆఫీసులో పదిమంది గుమాస్తాల చేతులు మారుతుంది. వాడికి బుద్ధి రావడానికి ఇది చాలు.

ఈసారి మిరప బాగుంది. తెగులు రాకుండా ఉంటే మన పక్కింటి యల్లమంద నాలుగు డబ్బులు చూస్తాడు.

అబ్దుల్ గఫార్

---

లేడీస్ హాస్టల్
10-12-1986

మామూ,

నా స్నేహితురాలి నాన్న చనిపోయాడని నేను ఎక్కడా రాయలేదు. మీరు ఖాళీకి ముందు 'కీర్తిశేషులు' అని రాశారు.

ఆ ఖాళీలో నాన్న పేరు రాశాను. పక్క ఖాళీలో నా పేరు రాశాను. మీకు మొదటి నుంచీ తెలుసు కదా. తెలిసీ, ఆ అమ్మాయి అన్నం తింటోందా అని అడిగారు. ఆ వాక్యం చదివి బాత్‌రూములోకి పోయి ఏడ్చాను.

కానీ ఈ కాగితం నాకు సరిపడడం లేదు. ఇందులో నా పేరు, ఆయన పేరు తప్ప ఏదీ నిజం కాదు. ఒకటో తారీఖున నేను ఇక్కడ కూర్చుని మీకు ఉత్తరం రాస్తున్నాను. ఆయన నా చేయి పట్టుకోలేదు మామూ. చేయి పట్టుకుని ఉంటే నేను నెల రోజులు గదిలో పడుకుని ఉండను. ఎనిమిదో తారీఖే వేస్తాను. జరిగింది జరిగినట్టు రాస్తాను. ఒప్పుకోండి. మీరు వద్దన్న పని నేను ఎప్పుడూ చేయలేదు, అందుకే అడుగుతున్నాను.

అబిదా

---

గురజాల
14-12-1986

బేటీ,

నీ మొదటి ఉత్తరం రెండో పేరాలోనే తెలిసింది. మా బావమరిది పొలం, మా పక్కింటాయన కేసు అంటూ సొంత గొడవ చెప్పుకునేవాళ్లకే నలభై ఏళ్లుగా రాస్తున్నాను. తెలిసినా నేను స్నేహితురాలు అనే రాశాను. నీ పేరు పెట్టి ఆ ప్రశ్నలు అడగడం నావల్ల కాలేదు. మీ నాన్న లారీ కింద పడుకుని బోల్టులు బిగిస్తూ, నా కూతురు కాలేజీలో పాఠాలు చెబుద్ది భాయ్ అనేవాడు. ఇవాళ అదే గుర్తొస్తోంది. వాణ్ని నరికి పారేయాలని ఉంది నాకు. నా చేతిలో ఉన్నది కలం.

అందుకే చెబుతున్నాను, ఒక్క అక్షరం మార్చకు. ఎందుకో కూడా విను. ముప్పై ఆరేళ్ల కిందట మాచవరం నుంచి అంకమ్మ అనే అమ్మాయి వచ్చింది. నీలాంటి కష్టమే. నేను కొంచెం కుర్రతనంలో ఉన్నాను, జరిగింది జరిగినట్టు, జరిగిన తేదీతో రాశాను. ఏ కోర్టో పేరు ఎందుకులే. జడ్జి గారు చదివి, 'ఇరవై రోజులు ఏం చేశావు?' అని అడిగారు. ఆమెకు జవాబు రాలేదు. ఏం జవాబు వస్తుంది? కేసు కొట్టేశారు. ఆ పిల్ల నా బల్ల ముందు నుంచి నడిచి వెళ్తూ, 'నిజమే రాశావు గదయ్యా' అంది. అంతే అంది. తర్వాత ఆమెను ఊళ్లో బతకనివ్వలేదు, ఎటు పోయిందో తెలియదు. ఆ రోజు నుంచి నేను తేదీలు దిద్దుతున్నాను.

నా మీద నమ్మకం ఉంచు. ఉన్నదున్నట్టు ఎత్తి రాసి సంతకం పెట్టు. ఇది నేను వేడుకుంటున్నానని అనుకున్నా సరే, ఆజ్ఞ అనుకున్నా సరే.

మామూ

---

లేడీస్ హాస్టల్
6-1-1987

మామూకి సలాం.

మీరు చెప్పినట్టే చేశాను. డిసెంబరు ఇరవై రెండున వీరరాఘవమ్మ గారు నన్ను వెంటబెట్టుకుని రిజిస్ట్రారు గారి దగ్గరికి తీసుకెళ్లారు. మెట్ల మీద ఆగి, 'ఇందులో రాసిందంతా నిజమేనా అమ్మాయ్? నేను నీ వెనక నిలబడబోతున్నాను, నాకు తెలియాలి' అన్నారు. నిజమే మేడమ్ అన్నాను. ఆవిడ నా భుజం మీద చేయి వేశారు. ఆ చేయి బరువు ఇంకా తెలుస్తోంది.

ముగ్గురు మనుషులతో కమిటీ వేశారు. పంతొమ్మిదిన విచారణ. అర్జీ అందుకుంటారనే నేను అనుకోలేదు. రాత్రి నిద్ర పట్టింది. రెండు నెలల్లో ఇదే మొదలు.

పున్నమ్మను సాక్షిగా పిలుస్తారట. ఆమెకు నేను తేదీ సంగతి చెప్పలేదు. ఎలా చెప్పాలో తోచడం లేదు.

అబిదా

---

గురజాల
10-1-1987

చి. అబిదాకు వేయి దువాలు.

కమిటీ వేశారన్న ముక్క మూడుసార్లు చదువుకున్నాను. పక్క బల్ల రైటరు మస్తాన్‌రావు ఏంది సాయిబూ అంత నవ్వుతున్నావన్నాడు. మా మేనకోడలికి మార్కులు బాగా వచ్చాయన్నాను.

విచారణలో అడిగినదానికే జవాబు చెప్పు. తల దించకు. ఏడుపొస్తే ఏడువు, ఆపుకోకు, కానీ మాట ఆపకు. సాక్షి ఉన్న అర్జీ ఓడిపోవడం నేను చూడలేదు. పున్నమ్మకు సోమవారం, డిసెంబరు ఒకటి అని రెండుసార్లు చెప్పించు, సరిపోతుంది. పల్లెటూరి మనుషులకు తేదీలు పట్టవు, ఏది చెబితే అదే గుర్తుంటుంది.

నువ్వు గెలిచి వస్తే శివరాత్రి తిరునాళ్లకు కోటప్పకొండ పోయే దీపాల ప్రభకు ఈసారి కరెంటు అనుమతి అర్జీ ఉచితంగా రాసిస్తానని మన వీధివాళ్లకు మాటిచ్చాను. కారణం చెప్పలేదనుకో.

మామూ

---

లేడీస్ హాస్టల్
24-1-1987

మామూ,

విచారణ అయిపోయింది. ఐదు రోజులు కలం పట్టలేకపోయాను. ఇవాళ రాస్తున్నాను, కోపంగా రాస్తున్నాను, అలాగే చదవండి.

ధనుంజయరావు గారు నవంబరు ఇరవై తొమ్మిది నుంచి డిసెంబరు నాలుగు దాకా ఢిల్లీలో ఉన్నారు. ఏదో మీటింగు. రైలు టిక్కెట్లు, ప్రయాణం బిల్లు, అక్కడి సంతకాలు అన్నీ బల్ల మీద పెట్టారు. నేను డిపార్టుమెంటు గడప తొక్కడం లేదు, ఆయన ఊళ్లో లేని సంగతి నాకెలా తెలుస్తుంది? గురజాలలో మీకెలా తెలుస్తుంది? మనిద్దరికీ తెలియని రోజును ఏరి మరీ వేశాము.

తర్వాత హాజరుపట్టీ తెచ్చారు. నవంబరు పదో తారీఖు నుంచి నేను లేను. 'క్లాసులకే రాని అమ్మాయివి ఆ సోమవారం ఎందుకొచ్చావు?' అన్నారు. ఎందుకు రావడం మానేశానో ఒక్కరూ అడగలేదు మామూ.

పున్నమ్మను పిలిచారు. ఆమెకు నేను ఏమీ నేర్పలేదు, నేర్పలేకపోయాను. ఆమె వచ్చి చేతులు కట్టుకుని నిలబడి, 'నేను అబద్ధం చెప్పనయ్యా. శనివారం, మా కార్తీక సోమవారానికి రెండు రోజుల ముందు. ఆ తల్లి గోడ పట్టుకుని వచ్చింది. నా పమిటతో తుడిచా' అంది. ఛైర్మను గారు నవ్వి, 'ఒకామె శనివారం అంటుంది, ఒకామె సోమవారం అంటుంది. ముందు మీరిద్దరూ మాట్లాడుకుని రావలసింది' అన్నారు. ఆ గదిలో నిజం చెప్పిన మనిషి ఆమె ఒక్కతే. ఆమె చెప్పిన నిజమే నన్ను అబద్ధాలకోరును చేసింది.

అప్పుడు చెప్పాను. ఎనిమిదో తారీఖే నిజమని, జరిగింది చేయి పట్టుకోవడం కాదని, అంతా చెప్పాను. 'తేదీ మారింది, నేరం పెరిగింది, ఇంకొంచెంసేపు కూర్చోబెడితే ఇంకేం వస్తుందో' అన్నాడు రెండో ఆయన.

బయటికొచ్చాక వీరరాఘవమ్మ గారు నా వైపు చూడకుండా మాట్లాడారు. 'నెలన్నర పాత తేదీ తెచ్చి ఉంటే నీకోసం పోట్లాడేదాన్ని అబిదా. ఉద్యోగం పోయినా పోట్లాడేదాన్ని. అబద్ధం తేదీతో నేనేం చేయను? మెట్ల మీద నిన్ను అడిగాను కదా' అన్నారు. నా దగ్గర జవాబు లేదు. మీ అంకమ్మ దగ్గర కూడా లేదు కదా.

పున్నమ్మను పనిలోకి రావద్దన్నారు. పదకొండేళ్ల పని. నేను ఫిబ్రవరి పదిహేనులోగా క్షమాపణ పత్రం మీద సంతకం పెట్టాలట. లేకపోతే పేరు కొట్టేస్తారు.

నేను ఒప్పుకోండి అని అడిగాను మామూ. మీరు ఒప్పుకోలేదు.

అబిదా

---

గురజాల
4-2-1987

అబిదాకు,

నీ ఉత్తరం అందిన మర్నాడే బయలుదేరాను. మీ అమ్మకు వినుకొండలో దస్తావేజు పని ఉందని చెప్పాను. ఈ సంగతి నీకు చెప్పకుండా చేసినందుకు ముందే తిట్టుకో.

రిజిస్ట్రారు గారి గది ముందు బెంచీ మీద రెండు రోజులు కూర్చున్నాను. మా బల్ల ముందు జనం ఇలాగే కూర్చుంటారు, ఎంత విసుగో నాకు ఇన్నాళ్లూ తెలియలేదు. మూడో రోజు పిలిచారు. తేదీ నేను వేశానని చెప్పాను. పిల్ల వద్దంది, నేను ఒట్టు పెట్టినంత పని చేసి రాయించానని చెప్పాను. నిజం ఎనిమిదో తారీఖని, పున్నమ్మ మాట నమ్మండని చెప్పాను. ఆయన ఓపిగ్గా విన్నారు. 'మీరేం చేస్తుంటారు?' అన్నారు. అర్జీలు రాస్తుంటానన్నాను. ఆయన గుమాస్తా వైపు చూశారు, గుమాస్తా రాసుకున్నాడు.

నన్ను చదివి సంతకం పెట్టమన్నారు. 'విద్యార్థిని మేనమామ, వృత్తిరీత్యా అర్జీలు రాయువాడు, ఆరోపణలోని తేదీని తానే కల్పించినట్లు ఒప్పుకొనెను.' చదివాను. అందులో ఒక్క మాట తప్పు లేదు. నేను చెప్పిన మిగతాది మాత్రం లేదు. మిగతాది కూడా రాయమన్నాను. 'అది మీరు చూసింది కాదు కదా' అన్నారు. సంతకం పెట్టాను. నీకు సాయం చేద్దామని పోయి, మిగిలిన ఆ నాలుగు ఇటుకలు కూడా నేనే పడగొట్టి వచ్చాను.

హాస్టల్ గేటు దాకా వచ్చాను. వాచ్‌మన్ ఎవరు కావాలన్నాడు. ఎవరూ లేదన్నాను. నీకు మొహం చూపించే ధైర్యం లేకపోయింది.

ఒక్క మాట చెబుతాను, కోప్పడకు. సంతకం తప్పదంటే ఆ క్షమాపణ ముసాయిదా నాకు పంపు. 'క్షమించండి' అనకుండా 'విచారిస్తున్నాను' అనే మాటతో గట్టెక్కే దారి ఉంటుంది. చదువు మిగులుతుంది.

గఫార్

---

లేడీస్ హాస్టల్
13-2-1987

మామూకి,

తేదీని క్షమించగలను. మీరు ప్రేమతో దిద్దారు. గేటు దాకా వచ్చి వెనక్కి పోయారే, అది క్షమించలేను. నా కిటికీలోంచి గేటు కనిపించదు, అయినా ఆ రోజులన్నీ నేను కిటికీ దగ్గరే ఉన్నాను. ఎవరైనా ఒకరు వస్తే బాగుండునని చూస్తూ ఉన్నాను. వచ్చిన మనిషి వెళ్లిపోయాడని మీ ఉత్తరంలో తెలిసింది.

పున్నమ్మ ఇంటికి వెళ్లాను. ఇప్పుడు మేస్త్రీ దగ్గర కూలికి పోతోంది, చేతులు సున్నానికి పగిలాయి. మంచినీళ్లిచ్చింది. 'నీ మీద కోపమేం లేదమ్మా. ఇంక నా ఇంటికి రాబాకు' అంది.

క్షమాపణ రాయలేదు. మీ 'విచారిస్తున్నాను' కూడా నాకొద్దు. నాలుగు రోజులు కూర్చుని జరిగింది జరిగినట్టు నాలుగు పేజీలు రాశాను. ఎవరి నమూనా లేదు. మహారాజశ్రీ లేదు, సముఖము లేదు. మొదటి వాక్యంలో తేదీ ఉంది. గదిలో ఏం జరిగిందో ఉంది, ఆ మాటలతోనే ఉంది.

తీసుకెళ్లి ఆఫీసులో ఇచ్చాను. గుమాస్తా తిప్పి చూసి, 'విచారణ మూసేశారమ్మా, దీనికి నంబరు వేయలేను' అని వెనక్కిచ్చాడు. వీరరాఘవమ్మ గారి దగ్గరికి తీసుకెళ్లాను. తీసుకోలేదు. 'ఇప్పుడు నేను ఏది నమ్మాలమ్మా?' అన్నారు. ఆవిడ కళ్లు ఎర్రగా ఉన్నాయి. తలుపు నెమ్మదిగానే వేశారు.

ఇరవయ్యో తారీఖున పేరు కొట్టేస్తారు. ట్రంకు సర్దుకుంటున్నాను. అమ్మీకి ఏం చెప్పాలో నాకు తెలియదు. మీరు మాత్రం ఏమీ కలపకండి.

నాలుగు పేజీలు ఇందులో పెట్టాను. ఇంక ఇవ్వడానికి ఎవరూ లేరు. ఇది అందినట్టు ఒక మనిషి రాసి సంతకం పెట్టాలి మామూ. ఒక్క మనిషి చాలు.

అబిదా

---

గురజాల
18-2-1987

బేటీ అబిదాకు,

ప్రభ కట్టేవాళ్లు అనుమతి అర్జీ కోసం వచ్చి బల్ల ముందు నిలబడితే రేపు రమ్మని పంపేశాను. నీ నాలుగు పేజీలు నాలుగుసార్లు చదివాను. మొదటిసారి కలం చేతిలో పెట్టుకునే చదివాను, అలవాటు. దిద్దడానికి ఒక్క మాట దొరకలేదు. రెండోసారి కలం పక్కన పెట్టాను. మూడోసారి చదువుతూ మస్తాన్‌రావు చూడకుండా మొహం తువ్వాలులో పెట్టుకున్నాను. మా ఇంటి పిల్ల అరుస్తుంటే ఆ గది బయట ఎవరూ లేరు.

డిసెంబరులో ఇదే కాగితం ఇచ్చి ఉంటే వాళ్లు నమ్మేవాళ్లా? నమ్మి ఉండేవాళ్లని నీకు చెప్పాలని ఉంది. నాకు తెలియదు. ఇన్నాళ్లూ ఏం చేశావమ్మా అనే ఉందురేమో. కానీ అప్పుడు పున్నమ్మ మాట, నీ మాట ఒకటయ్యేవి. వీరరాఘవమ్మ గారు నీ వెనక నిలబడేవారు. ఓడిపోయినా నిజంతో ఓడిపోయేదానివి. అది కూడా నేను నీకు లేకుండా చేశాను. ఇంతకంటే పెద్ద మాట నాకు రాదు.

అమ్మకు చెప్పలేదు. ఏప్రిల్లో పరీక్షలు కదా అని నిన్న అడిగింది. అవునన్నాను. నువ్వు కలపొద్దన్నావు, నేను మళ్లీ కలిపాను. నువ్వు ఇరవై ఒకటిన దిగితే మాచర్ల బండి దగ్గరికి వస్తాను. ఈసారి గేటు దగ్గర ఆగను. అమ్మకు నువ్వే చెప్పు, నేను పక్కన కూర్చుంటాను.

నువ్వు అడిగింది కింద రాస్తున్నాను. స్టాంపు కాగితం మీద రాశాను, అంతకంటే మంచి కాగితం నా దగ్గర లేదు.

'షేక్ అబిదా స్వహస్తముతో రాసిన నాలుగు పేజీల అర్జీ 1987 ఫిబ్రవరి 18 బుధవారం నాకు ముట్టినది. పూర్తిగా చదివితిని. అందులోని సంగతులు 1986 నవంబరు 8 శనివారం నాడు జరిగినవనియు, ఆమె రాసినట్లే జరిగినవనియు నమ్ముచున్నాను. అబ్దుల్ గఫార్, గురజాల.'

ఈ రసీదు ఎక్కడా చెల్లదు బేటీ. ఆ సంగతి నాకంటే బాగా తెలిసినవాడు ఈ కోర్టు ముందు ఎవడూ లేడు.

మామూ